మోతిహారిలో ఆగని మనిషి

రిచర్డ్ అటెన్‌బరో తీసిన ‘గాంధీ’ చిత్రం 1982లో విడుదలైంది. ఏటా అక్టోబరు 2న ఏదో ఒక చానెల్‌లో ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. అందులో ఒక తెల్ల పాదిరీ కనిపిస్తాడు. కదులుతున్న రైలు కిటికీ పట్టుకుని పైకి పాకి, పెట్టె కప్పు మీద కూర్చున్న బీదాబిక్కీ పక్కన చేరి, చంటిపిల్లవాడిలా నవ్వుతాడు. కథ చంపారణ్ చేరేసరికి గాంధీజీ ఆయనను వెళ్లిపొమ్మంటారు. మన పని మనమే చేసుకోగలమని జనానికి నమ్మకం కలగాలంటే పక్కన ఇంగ్లీషువాడు ఉండకూడదని చెబుతారు. పాదిరీ తలవంచి వెళ్లిపోతాడు. సినిమాలో ఆయన పాత్ర దాదాపు అక్కడితో ముగుస్తుంది.

ఆ వెళ్లిన మనిషి ఎక్కడికి వెళ్లాడు? ఈ ప్రశ్న ఎక్కువమంది వేసుకోరు. సినిమా దాటి చరిత్రలోకి వెడితే జవాబు దొరుకుతుంది. ఆయన ఫీజీ ద్వీపాలకు వెళ్లారు. అక్కడి చెరకు తోటల్లో మన వాళ్లు, అంటే భోజ్‌పురీ వాళ్లు, తమిళులు, తెలుగువాళ్లు, ఐదేళ్ల ఒప్పందానికి వేలిముద్ర వేసి బానిసల్లా బతుకుతున్నారు. ఆ ఒప్పందాన్ని రద్దు చేయించడం కోసం ఆయన వెళ్లారు. ఆయన పేరు చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూస్. దీనబంధు అన్నది జనం ఇచ్చిన పేరు.

మతం పేరు చెప్పగానే మన రాజకీయ చర్చ ఒకటే గాడిలో పడుతుంది. ఎవరు ఎవరిని మార్చారు, ఎంతమందిని మార్చారు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ రాష్ట్రం ఏ చట్టం చేసింది. ఈ ప్రశ్నలకు ఆధారం లేదని నేను అనను. కానీ క్రైస్తవ విశ్వాసం ఈ దేశంలో ఏం చేసింది అన్న చరిత్ర అంతా ఆ లెక్కల పుస్తకంలో ఇమడదు. ఆండ్రూస్ జీవితం ఆ పుస్తకంలో ఏ పద్దు కిందా రాయలేనిది. అందుకే దాన్ని మరోసారి తిరగేయాలనిపించింది.

* * *

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో పుట్టారు. తండ్రి ఒక చిన్న క్రైస్తవ శాఖలో బోధకుడు. కేంబ్రిడ్జిలో చదువుకుని, ఆంగ్లికన్ చర్చిలో గురుత్వం స్వీకరించి, దక్షిణ లండన్ మురికివాడలో కొంతకాలం పనిచేశారు. 1904 మార్చిలో కేంబ్రిడ్జి మిషన్ తరఫున ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలకు ఉపాధ్యాయుడిగా వచ్చారు. భారతదేశంలో అడుగుపెట్టిన రోజును తన రెండో పుట్టినరోజుగా ఆయన చెప్పుకునేవారు.

వచ్చిన రెండేళ్లకే ఒక పరీక్ష ఎదురైంది. కళాశాల ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఉపాధ్యక్షుడిగా సుశీల్ కుమార్ రుద్ర అనే బెంగాలీ క్రైస్తవుడు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. కానీ భారతీయుడి కింద ఆంగ్లేయులు పనిచేయడమా అన్న సంకోచం మిషన్ పెద్దలకు ఉంది. ఆ పీఠం ఆండ్రూస్‌కు దక్కే అవకాశం ఉన్నా ఆయన అందుకు ఒప్పుకోలేదు. రుద్రనే నియమించాలని పట్టుబట్టారు. 1906లో రుద్ర ప్రిన్సిపాల్ అయ్యారు, 1923 దాకా ఉన్నారు. దక్షిణాఫ్రికా నుంచి తిరిగి వచ్చాక గాంధీజీ ఢిల్లీ వెళ్లినప్పుడు దిగింది ఈ రుద్ర గారి ఇంట్లోనే. సహాయ నిరాకరణ ఆలోచనలు పొడసూపిన ఇళ్లలో అదీ ఒకటి. ఒక పదవిని వద్దనుకోవడం చిన్న పనే. దాని పర్యవసానాలు ఎక్కడిదాకా పోతాయో ఆ క్షణంలో ఎవరికీ తెలియదు.

1913 చివర్లో గోపాలకృష్ణ గోఖలే దేశమంతా తిరుగుతూ దక్షిణాఫ్రికా సత్యాగ్రహానికి విరాళాలు కూడగడుతున్నారు. నేటాల్‌లో ఒప్పందం ముగించుకున్న కూలీల మీద ప్రభుత్వం తలకు మూడు పౌన్ల పన్ను వేసింది. క్రైస్తవేతర పద్ధతిలో జరిగిన పెళ్లిళ్లు చెల్లవని అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. గనుల్లో, తోటల్లో పనిచేసే వేలమంది సమ్మె కట్టారు. ఈ కూలీలెవరో మనం గుర్తుంచుకోవాలి. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన తొలి ఓడ ‘ట్రురో’ బయలుదేరింది మద్రాసు రేవు నుంచే. 1911 దాకా నేటాల్‌కు వెళ్లిన లక్షా యాభై వేల పైచిలుకు మందిలో దాదాపు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడ ఎక్కినవారు. వారిలో తమిళులతో పాటు మన కోస్తా జిల్లాల తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు తెలుగువాళ్లు ఉన్నారు.

ఆండ్రూస్ తాను కూడబెట్టుకున్నదంతా గోఖలే చేతిలో పెట్టారు. అది చాలదనిపించి తానే బయలుదేరారు. మిత్రుడు విలియం పియర్సన్‌తో కలసి 1914 జనవరి మొదట్లో డర్బన్ రేవులో దిగారు. స్వాగతం చెప్పడానికి వచ్చిన వారిలో గాంధీ ఎవరని అడిగారు. తెల్లటి ముతక బట్టలు కట్టుకున్న బక్కపలచటి మనిషిని చూపించారు. ఆండ్రూస్ వంగి ఆయన పాదాలు తాకారు. ఒక ఆంగ్లేయుడు, అందునా గురువు, రేవులో అందరూ చూస్తుండగా ‘ఆసియా వాడి’ కాళ్లు తాకడం నేటాల్ తెల్లవాళ్లకు మింగుడుపడలేదు. అక్కడి పత్రికా సంపాదకుడొకరు ఆయనకు హితబోధ చేశారు. ఆండ్రూస్‌కు మాత్రం అందులో విశేషమేమీ కనిపించలేదు. తన ప్రభువు శిష్యుల కాళ్లు కడిగాడని ఆయన చిన్నప్పటి నుంచి వింటూ వచ్చారు. విన్నదాన్ని చేయడమే ఇబ్బందికరమైన విషయమని అక్కడ అర్థమైంది.

డర్బన్‌లోనే మరొక గాయం తగిలింది. ఆయన ఒక చర్చిలో ప్రసంగించారు. వినడానికి గాంధీజీ వచ్చారు. రంగు కారణంగా గుమ్మంలోనే ఆపేశారు. ఈ సంగతి ఆండ్రూస్‌కు తరువాత తెలిసింది. ఏ మాటలు చెప్పడానికి తాను లోపల నిలబడ్డాడో ఆ మాటలను ఆచరిస్తున్న మనిషి బయట నిలబడిపోయాడు. ఆ ఏడాదే ఆయన మిషన్‌ను వదలి, గురుత్వ విధులను పక్కనపెట్టి, రవీంద్రుడి శాంతినికేతనంలో చేరారు. సిద్ధాంతపరమైన సందేహాలు కూడా ఆయనకు ఉన్నాయి. క్రీస్తు మీద ప్రేమ ఎక్కడా సడలలేదు. ఉద్యోగం, హోదా, జీతం మాత్రం పోయాయి.

* * *

ఇక ఫీజీ. 1879లో ‘లియోనిడాస్’ అనే ఓడ కలకత్తా నుంచి తొలి కూలీలను అక్కడికి చేర్చింది. 1903 నుంచి మద్రాసు రేవు కూడా తెరిచారు. 1916లో చివరి ఓడ చేరేనాటికి అరవై వేలమంది వెళ్లారు. వారిలో సుమారు పదిహేను వేలమంది దక్షిణాది వారు. ‘అగ్రిమెంట్’ అన్న మాట వారి నోట ‘గిర్మిట్’ అయింది. వాళ్లు ‘గిర్మిటియాలు’ అయ్యారు. మగవాడికి పూర్తి పని చేస్తే రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు. అప్పగించిన పని పూర్తికాకపోతే కూలి కోత. పనికి రాకపోతే అది క్రిమినల్ నేరం. ఇరుకు లైన్లలో ఒక్కొక్క గదికి ముగ్గురు మగవాళ్లు, లేదా ఒక కుటుంబం. ప్రతి వందమంది మగవాళ్లకు నలభై మంది స్త్రీలను పంపాలని నిబంధన. ఆ ఒక్క అంకె ఎన్ని హత్యలకు, ఎన్ని ఆత్మహత్యలకు కారణమైందో ఆనాటి రికార్డులు చెబుతాయి.

ఈ వ్యవస్థ మీద పోరాటం ఆండ్రూస్‌తో మొదలు కాలేదు. తెల్ల పాదిరీ వచ్చి మనలను ఉద్ధరించాడన్న కథ నేను చెప్పదలుచుకోలేదు, ఆయనే దాన్ని ఒప్పుకునేవారు కారు. 1912లో గోఖలే శాసనమండలిలో గిర్మిట్ రద్దుకు తీర్మానం పెట్టారు. భారతీయ సభ్యులు బలపరిచినా ప్రభుత్వపక్షం ఓట్లతో అది వీగిపోయింది. ఫీజీలో ఇరవై ఒక్క ఏళ్లు గడిపి తిరిగి వచ్చిన తోతారామ్ సనాఢ్య తన అనుభవాలు చెబితే బనారసీదాస్ చతుర్వేది హిందీలో పుస్తకంగా తెచ్చారు. 1913లో కుంతి అనే కూలీ స్త్రీ తోటలో ఓవర్సీరు దౌర్జన్యం నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకిన ఉదంతం భారతీయ పత్రికలకు ఎక్కి దేశాన్ని కుదిపేసింది. భూమి అప్పటికే దున్ని ఉంది. ప్రభుత్వం మాత్రం తనకు వచ్చిన అధికార నివేదికలను చూపించి, లోపాలున్నా మొత్తం మీద కూలీలకు లాభమేనని వాదిస్తూ వచ్చింది. ఆ వాదనను పడగొట్టడానికి ఆగ్రహం సరిపోదు. సాక్ష్యం కావాలి.

1915లో ఆండ్రూస్ కలరా వచ్చి చావు అంచుదాకా వెళ్లి బయటపడ్డారు. పూర్తిగా కోలుకోకముందే పియర్సన్‌తో కలసి ఫీజీ ప్రయాణం కట్టారు. ఆ ముందు రోజుల్లో తనకు కలిగిన ఒక అనుభవాన్ని ఆయన తరువాత చెప్పుకున్నారు. దెబ్బల గుర్తులతో, భయంతో ముడుచుకుని కూర్చున్న ఒక కూలీ ముఖం కళ్ల ముందు మెదిలిందట. చూస్తుండగానే అది క్రీస్తు ముఖంగా మారిందట. దీన్ని దర్శనం అంటారో, జ్వరం మిగిల్చిన కల అంటారో మీ ఇష్టం. పత్రికా రచయితగా నాకు ఆసక్తి కలిగించేది ఆ తరువాత ఆయన చేసిన పని. ఆ ముఖాన్ని పటం కట్టి పూజించలేదు. టిక్కెట్టు కొనుక్కుని ఓడ ఎక్కారు.

1915 నవంబరు నుంచి కొన్ని వారాలపాటు ఇద్దరూ తోట తోటా తిరిగారు. కూలీలతో మాట్లాడారు, యజమానులతోనూ మాట్లాడారు. చెరకు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సి.ఎస్.ఆర్. కంపెనీ అధికారులను కలిశారు. ఎలా వచ్చారని అడిగితే అనేకుల కథ ఒక్కటే. ఏదో తీర్థంలోనో, రైల్వే స్టేషనులోనో దళారీ కలుస్తాడు. మంచి పని ఉందంటాడు. ఫీజీ కలకత్తాకు కాస్త అవతల అంటాడు. డిపోలో పెట్టాక వెనక్కి వెళ్లే దారి ఉండదు. 1916 ఫిబ్రవరిలో వారి నివేదిక అచ్చయింది. అందులో ఉద్రేకపు మాటలు తక్కువ. చూసినవి, లెక్కకట్టినవి, అడిగి తెలుసుకున్నవి ఎక్కువ. ఈ పద్ధతిని బాగుచేయడం కుదరదు, ఎత్తివేయడమొక్కటే మార్గమన్నది సారాంశం. ఆ మార్చి 20న మదనమోహన మాలవీయ శాసనమండలిలో మళ్లీ తీర్మానం పెట్టారు. ఈసారి వైస్రాయ్ హార్డింజ్ రద్దును సూత్రప్రాయంగా అంగీకరించారు.

మనకు తెలిసిన ప్రభుత్వాలన్నింటిలాగే ఆ ప్రభుత్వమూ సూత్రం ఒప్పుకుని అమలు వాయిదా వేసింది. తోటలకు ప్రత్యామ్నాయం దొరికేదాకా మరో ఐదేళ్లు కూలీల చేరిక సాగనిస్తామని లోపాయికారీగా మాట ఇచ్చిన సంగతి బయటపడింది. దేశం భగ్గుమంది. సరోజినీ నాయుడు 1917 జనవరిలో అలహాబాదు సభలో కూలీ స్త్రీల అవమానాన్ని ప్రశ్నగా నిలబెట్టారు. స్త్రీల ప్రతినిధి వర్గం వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్‌ను కలిసింది. గాంధీజీ గడువు పెట్టారు. 1917 మార్చిలో యుద్ధకాలపు నిబంధనల కింద కూలీల చేరికను ఆపివేశారు. కానీ అప్పటికే అక్కడ ఉన్న వేలాదిమంది ఒప్పందాల మాటేమిటి? ఆ ప్రశ్న మిగిలి ఉండగానే 1917 ఏప్రిల్ వచ్చింది, చంపారణ్ వచ్చింది.

* * *

మోతిహారిలో నిజంగా జరిగింది సినిమాలో చూపినంత నాటకీయం కాదు, కానీ అంతకన్నా లోతైనది. గాంధీజీ మీద కేసు నడుస్తోంది. రాజేంద్ర ప్రసాద్ తదితర బీహారు వకీళ్లు ఆండ్రూస్‌ను కొన్నాళ్లు ఆగమని బతిమాలారు. గాంధీజీ ఒప్పుకోలేదు. మీరు ఈయనను ఉండమంటున్నది ఈయన ఆంగ్లేయుడు కనుక, నీలిమందు దొరలూ ఆంగ్లేయులే కనుక, ఈయన నీడలో ధైర్యంగా ఉండవచ్చు కనుక అన్నారు. ఆ బలహీనత పోవాలంటే ఆయన వెళ్లి తీరాలన్నారు. వకీళ్లు తమ మనసులో ఉన్న మాట పట్టుబడిందని గ్రహించారు. రాజేంద్ర ప్రసాద్ ఆ సంగతిని తరువాత దాపరికం లేకుండా రాసుకున్నారు.

ఆండ్రూస్ నొచ్చుకోలేదు. ఫీజీకి రెండోసారి వెళ్లారు. సేవ చేసేవాడికి అన్నిటికన్నా కష్టమైన పని అక్కరలేని చోట తప్పుకోవడం. ఉపకారం చేసినవాడు ఉపకారం పొందినవాడి నెత్తిమీద కూర్చోవడం మన రాజకీయాలలో, మన స్వచ్ఛంద సంస్థలలో, మన మఠాలలో, చర్చిలలో రోజూ చూస్తున్నదే. తన అవసరం లేని చోటి నుంచి ఆండ్రూస్ నిశ్శబ్దంగా లేచి, తన అవసరం ఉన్న చోటికి పోయారు.

రెండోసారి ఆయన నెలల తరబడి ఫీజీలో ఉన్నారు. స్త్రీల దుస్థితి గురించి ఆయన ఆస్ట్రేలియాలో చెప్పిన మాటలను తోటల యజమానులు అబద్ధమన్నారు. అక్కడి మహిళా సంఘాలు ఎవరి మాటా నమ్మకుండా 1918లో మిస్ గార్న్‌హమ్ అనే మహిళను సొంతంగా విచారణకు పంపాయి. ఆమె చూసి వచ్చి ఆండ్రూస్ చెప్పినదే నిజమన్నారు. చివరకు 1920 జనవరి 1న ఫీజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. అక్కడి భారతీయులు ఆయనను దీనబంధు అన్నారు.

అంతటితో కష్టాలు తీరలేదు. సంకెళ్లు పోయాయి కానీ కూలి పెరగలేదు. కొన్ని వారాలు తిరగకుండానే సువాలో సమ్మె జరిగింది. దాన్ని అణచివేశారు. నాయకుడిగా నిలిచిన న్యాయవాది మణిలాల్‌ను దేశం నుంచి వెళ్లగొట్టారు. చట్టం మారడం విముక్తికి మొదటి మెట్టేనని ఆ సమ్మె చెప్పింది. దాని తరువాతి మెట్లు కూలీలు తమంతట తామే ఎక్కారు.

* * *

తరువాతి ఇరవై ఏళ్లలో ఎక్కడ గాయం ఉంటే అక్కడ ఆయన కనిపిస్తారు. 1919లో పంజాబు సైనిక శాసనం కింద ఉండగా అమృత్‌సర్ వెళ్లబోతే నిర్బంధించి వెనక్కి పంపారు. ఆంక్షలు తొలగాక వెళ్లి, కొరడా దెబ్బలు తిన్నవారి ఇళ్ల ముందు నిలబడి తన జాతి తరఫున క్షమాపణ అడిగారు. 1921లో అస్సాం తేయాకు తోటలు విడిచి వచ్చేసిన కూలీలను చాంద్‌పూర్ స్టేషనులో గూర్ఖా సైనికులు చితకబాదారు. ఆ మీదట కలరా సోకింది. ఆండ్రూస్ వారి మధ్య బస చేసి సేవ చేశారు. 1922 సెప్టెంబరులో గురుకా బాగ్ దగ్గర అకాలీలు చేతులు జోడించి లాఠీ దెబ్బలు తింటుంటే కళ్లారా చూశారు. ఆ సిక్కుల సహనంలో తనకు సిలువ కనిపించిందని రాశారు. నేరుగా పంజాబు గవర్నరును కలిశారు. కొద్ది రోజుల్లోనే ఆ దెబ్బలు ఆగాయి.

ఆయన చేసినవన్నీ ఒప్పులని కాదు. చాంద్‌పూర్‌లో కూలీలకు మద్దతుగా కాంగ్రెస్ నాయకులు రైల్వే, స్టీమరు సమ్మెలను నడిపితే అవి పేదలనే ఇబ్బంది పెడతాయని వ్యతిరేకించారు. ఆ వైఖరిని తప్పుపట్టినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆంగ్లేయ అధికారి మనస్సాక్షి మీద ఆయనకున్న నమ్మకం కొన్నిసార్లు అమాయకత్వం అనిపిస్తుంది. అయితే అదే మనిషి 1921లోనే భారతదేశానికి సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని రాశారు. కాంగ్రెస్ ఆ మాటను తీర్మానంగా ఆమోదించడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గాంధీజీ విదేశీ వస్త్రాలను తగులబెట్టమన్నప్పుడు, మొదటి ప్రపంచ యుద్ధానికి సైనికులను చేర్పించబోయినప్పుడు నిష్కర్షగా కాదన్నారు. 1924లో గాంధీజీ హిందూ ముస్లిం ఐక్యత కోసం ఢిల్లీలో ఇరవై ఒక్క రోజులు ఉపవాసం చేసినప్పుడు మంచం పక్కనే ఉన్నది కూడా ఆయనే. గాంధీజీని ‘మోహన్’ అని పిలవగలిగిన అతికొద్దిమందిలో ఆయన ఒకరు. అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు రెండుసార్లు అధ్యక్షుడయ్యారు. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో కన్నుమూశారు. అక్కడే ఖననం చేశారు.

తీర్పునాడు అడిగే ప్రశ్నల గురించి సువార్తలో ఒక కథ ఉంది. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, పరదేశిని ఇంట్లోకి రానిచ్చావా, చెరసాలలో ఉన్నవాడిని చూడబోయావా అని రాజు అడుగుతాడు. ఏ మతంలో ఉన్నావని అడగడు. అసలు మేలు చేసినవారికి తాము ఎవరికి చేశామో కూడా తెలియదు. ఆండ్రూస్ మొత్తం జీవితాన్ని ఆ కథకు వ్యాఖ్యానంగా చదువుకోవచ్చు. ఆయన ఎంతమందిని క్రైస్తవులుగా మార్చారని లెక్క తీయబోతే పుట ఖాళీగా ఉంటుంది. ఆయన మూలంగా ఎంతమంది తిరిగి మనుషులుగా లెక్కకు వచ్చారంటే ఫీజీ ఉంది, నేటాల్ ఉంది.

* * *

ఢిల్లీలో వార్తలు రాసే వృత్తిలో ఉన్నవాడికి ఈ చరిత్ర పాతబడదు. గిర్మిట్ కాలంలో రేవుల్లో ‘ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్’ అనే అధికారి ఉండేవాడు. పేరుకు రక్షకుడు, చేతకు ముద్ర వేసేవాడు. 1983 వలసల చట్టం కింద అదే పేరుతో అదే పదవి ఇప్పటికీ ఉంది. జగిత్యాల, నిజామాబాద్, కడప పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కుర్రవాడు ఏజెంటు చేతిలో అప్పు తెచ్చి పెడతాడు. చెప్పిన పని ఒకటి, ఇచ్చిన పని మరొకటి. చట్టం కాదన్నా పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోవడం మామూలు. తిరిగి రావడం అందరికీ ప్రాణంతో కుదరదు. శంషాబాద్ విమానాశ్రయం సరుకు విభాగం దగ్గర పేటిక కోసం ఎదురుచూసే కుటుంబాలను చూసినవారికి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు. వందేళ్ల కిందటి దళారీ తీర్థాల్లో తిరిగేవాడు, ఇప్పటి దళారీ వాట్సాప్‌లో తిరుగుతాడు.

ఈ కూలీల కోసం పనిచేస్తున్నవారు లేకపోలేదు. కానీ దేవుడి పేరుతో పెద్ద గొంతులు వినిపించే ఈ దేశంలో, అన్ని మతాల పీఠాలనూ కలుపుకునే అంటున్నాను, ఆ ఎడారి శిబిరాల దాకా వెళ్లి, చూసి, లెక్క రాసి, పార్లమెంటు బల్ల మీద పెట్టించిన స్వాములు, పాస్టర్లు, మౌల్వీలు ఎందరు?

ఆండ్రూస్ సమాధి కలకత్తా లోయర్ సర్క్యులర్ రోడ్డు శ్మశానంలో ఉంది. అక్కడ ఏటా దండ వేసేవారు వేస్తున్నారు. ఆయన తనకు కనిపించిన ముఖాన్ని వెతుక్కుంటూ రెండుసార్లు సముద్రం దాటారు. ఆ ముఖం ఇవాళ మన ఊళ్లో, ఏజెంటు ఆఫీసు బయట వరుసలో నిలబడి ఉంది.